మోగకూడని తీగ

"ఒరేయ్ తమ్ముడూ, మంచి గిటారు ఎంతలో వస్తుందిరా?"

విజయవాడ నుంచి మా అక్కయ్య ఫోను. కుశల ప్రశ్నలు కూడా లేవు. అప్పుడే అనుకున్నాను, ఇంట్లో ఏదో రగులుతోందని.

సంగతేమిటంటే, మా మేనల్లుడు ఇంటర్ రెండో ఏడు. రెండేళ్లు మామూలు చెక్క గిటారు వాయించాడు. పోయిన దసరాకి అక్కయ్య చీటీ డబ్బులు తీసి, చిన్న యాంప్లిఫయరుతో సహా ఎలక్ట్రిక్ గిటారు కొనిపెట్టింది. ఇప్పుడు కాలేజీ యాన్యువల్ డేలో వాయించాలి. నెల రోజులే ఉంది. తీరా చూస్తే, చెక్క గిటారు మీద బాగా పలికిన పాట దీని మీద గోలగోలగా వస్తోందిట. "ఈ గిటారు మంచిది కాదు. ముప్ఫైవేలు పెడితే మంచిది వస్తుంది. లేదంటే అసలు వాయించడమే మానేస్తాను" అని వాడు అలిగి కూర్చున్నాడు. అక్కయ్యేమో రెండో చీటీ వైపు చూస్తోంది. బావగారేమో "మానేస్తే పీడా పోయె, ఎంసెట్ దగ్గరికొస్తోంది" అంటున్నారు.

"నువ్వేమీ కొనకు. ఆదివారం నేనొస్తున్నాను" అన్నాను.

వెళ్లాను. కాఫీ అయ్యాక "ఏదీ, వాయించరా" అన్నాను. మూతి ముడుచుకునే గిటారు అందుకున్నాడు. వేళ్లు సరిగ్గానే పడుతున్నాయి. తాళం తప్పడం లేదు. స్వరాల్లో పొరపాటు లేదు. కానీ పాట వెనకాల ఇంకో రొద. పెళ్లిపందిట్లో మంత్రాలు చదువుతుంటే భోజనాల దగ్గర్నుంచి కలగాపులగంగా శబ్దాలు వినపడతాయి చూశారూ, అచ్చం అలా.

"చూశావా మావయ్యా? గిటారు మారిస్తే గానీ పోదు."

"గిటారు మారిస్తే గోల పోదురా. గోల ఖరీదు పెరుగుతుంది, అంతే" అన్నాను. అక్కయ్య నవ్వింది. వాడు నవ్వలేదు.

కాగితం ముక్క చెప్పిన రహస్యం

వాడి పాత చెక్క గిటారు తెప్పించాను. మీ ఇంట్లో కూడా గిటారు ఉంటే ఇది చేసి చూడండి. గిటారుకి ఆరు తీగలు. ఒళ్లో పెట్టుకున్నప్పుడు అన్నిటికంటే పైన, మన మొహం వైపు ఉండే లావు తీగ ఆరోది. అన్నిటికంటే కింద, నేల వైపు ఉండేది ఒకటోది, బాగా సన్నం. చిన్న కాగితం ముక్కని మధ్యకు మడిచి, ఐదో తీగ మీద గుర్రమెక్కించినట్టు పెట్టాలి. ఇప్పుడు ఆరో తీగని ఐదో ఫ్రెట్ దగ్గర నొక్కి గట్టిగా మీటాలి. ఫ్రెట్ అంటే వీణ మీద మెట్టు లాంటిదే. గిటారు శ్రుతిలో ఉంటే, ఎవరూ ముట్టుకోని ఐదో తీగ మీద కాగితం గజగజ వణికి ఎగిరి కిందపడుతుంది!

"అదేంటి, దాన్ని నేను ముట్టుకోలేదుగా?" అన్నాడు వాడు.

నువ్వు ముట్టుకోలేదు, పక్క తీగ పిలిచింది. ఐదో తీగ సహజంగా సెకనుకి 110 సార్లు ఊగుతుంది. ఆరో తీగని ఐదో ఫ్రెట్ దగ్గర నొక్కితే అది కూడా సెకనుకి 110 సార్లే ఊగుతుంది. ఆ ఊపు గిటారు చెక్కలోంచి పాకి దీనికి అందుతుంది. తన లెక్కకి సరిపోయిన ఊపు అందగానే తీగ తనంతట తనే మోగుతుంది. దీన్నే అనునాదం అంటారు.

లెక్క అచ్చంగా ఒకటే కానక్కర్లేదు కూడా. నొక్కకుండా వదిలేసిన ఆరో తీగ సెకనుకి సుమారు 82 సార్లు ఊగుతుంది. ఆ నాదంలోనే దానికి రెట్టింపు, మూడు రెట్లు, నాలుగు రెట్ల కంపనాలు కూడా సన్నగా కలిసి ఉంటాయి. మూడు రెట్లంటే 247. అది రెండో తీగ లెక్క. నాలుగు రెట్లంటే దాదాపు 330. అది ఒకటో తీగ లెక్క. కాబట్టి ఆరో తీగని ఒక్కసారి గట్టిగా మీటి, వెంటనే దాన్ని అరచేత్తో ఆపేసి చూడండి. గిటారు పూర్తిగా నోరు మూసుకోదు. సన్న తీగలు ఇంకా గుయ్‌మంటూనే ఉంటాయి.

మరి సితారులో?

ఇక్కడ సంగీతం తెలిసినవాళ్లకి ఒక సందేహం రావాలి. సితారులో అసలు తీగల కింద వరసగా తరఫ్ తీగలుంటాయి కదా, అవి కూడా ఇలా వాటంతట అవే మోగేవే కదా, వాటిని అందరూ మెచ్చుకుంటారెందుకు?

మంచి సందేహమే. సితారు కళాకారుడు కచేరీ మొదలుపెట్టే ముందు ఆ తరఫ్ తీగల్ని ఒక్కొక్కదాన్నీ వాయించబోయే రాగానికి తగ్గట్టు శ్రుతి చేసుకుంటాడు. అందుకే అవి మోగినప్పుడల్లా రాగంలో ఉన్న స్వరమే పలుకుతుంది. గిటారు తీగలకి ఆ భాగ్యం లేదు. ఏ పాటకైనా అవే ఆరు శ్రుతులు. పాటలో ఆ స్వరం ఉందో లేదో వాటికి తెలీదు. మీరు విషాదంగా ఒక స్వరం మీద నిలబడితే, పక్కనున్న తీగ పెళ్లి సందడి మొదలుపెట్టొచ్చు.

అనునాదం ఒక్కటే కారణం కాదు, ఇంకో రెండున్నాయి. నొక్కిన వేలు తీగ మీంచి లేపేటప్పుడు అది తీగని కొంచెం లాగి వదులుతుంది. ఆ తీగ మోగుతుంది. ఒక తీగని మీటబోయిన పిక్ పక్క తీగకి కూడా గీసుకుంటుంది. అదీ మోగుతుంది.

చెక్క గిటారు మీద ఇవన్నీ ఉంటాయి. కానీ సన్నగా ఉంటాయి, పాట కింద మునిగిపోతాయి. ఎలక్ట్రిక్ గిటారుకి డిస్టార్షన్ పెట్టారనుకోండి, కథ మారిపోతుంది. రాక్ పాటల్లో వినపడే ఆ గరగర ధ్వనే డిస్టార్షన్. అది పెద్ద శబ్దాన్ని ఒక హద్దు దాటనివ్వదు. చిన్న శబ్దాన్ని మాత్రం పైకి లేపుతుంది. దాంతో మీటిన తీగకీ, ఊరికే మోగిన తీగకీ తేడా బాగా తగ్గిపోతుంది. మా వాడి గిటారులో కొత్త దోషమేమీ పుట్టలేదు. రెండేళ్లుగా వాడి వాయింపులో ఉన్నదే, ఇప్పుడు మైకు పట్టుకుని మాట్లాడుతోంది.

కుడిచేతికి రెండో ఉద్యోగం

"అయితే ఏం చెయ్యాలి?" అన్నాడు, ఈసారి కాస్త మెత్తగా.

"నీ కుడిచెయ్యి ఏం చేస్తుంది?"

"మీటుతుంది."

"సగం ఉద్యోగమే చేస్తోందన్నమాట."

మీటే చేతికి రెండు పనులుంటాయి. మోగాల్సిన తీగని మోగించడం ఒకటి, మోగకూడని తీగని ఆపి ఉంచడం రెండోది. నేర్పేవాళ్లు మొదటిది నేర్పుతారు. రెండోది చాలామందికి ఎవరూ చెప్పరు. బాగా వాయించేవాళ్లని చూసినా తెలియదు. ఆ చెయ్యి ఊరికే తీగల మీద వాలి ఉన్నట్టు కనిపిస్తుంది గానీ, పని చేస్తున్నట్టు కనిపించదు.

పని పంపకం సులువే. మీరు వాయిస్తున్న తీగ కంటే లావుగా ఉన్నవాటిని కుడిచెయ్యి చూసుకోవాలి. సన్నంగా ఉన్నవాటిని ఎడమచెయ్యి చూసుకోవాలి. ఎడమ చూపుడువేలు నిటారుగా నిలబడకుండా కాస్త వాలితే, దాని కింది భాగం సన్న తీగలకి ఆనుతుంది. ఎడమచేతి వాటం వాళ్లు చేతులు తారుమారు చేసి చదువుకోండి.

కుడిచేతిలో ఏ భాగం? కాగితం మీద రాస్తున్నప్పుడు చిటికెనవేలి కింద అరచేతి అంచు కాగితానికి ఆనుకుని ఉంటుంది చూడండి, ఆ అంచు. దాన్ని బ్రిడ్జికి కొంచెం ముందుగా లావు తీగల మీద ఆనించాలి. మరీ బ్రిడ్జి మీదే పెడితే తీగ ఆగదు. కొందరు అంచుకి బదులు బొటనవేలి పక్క భాగాన్ని ఆనిస్తారు. రెండూ పద్ధతులే. ఎవరి చేతికి ఏది కుదిరితే అది.

ముఖ్యమైన సంగతి, ఆ చెయ్యి ఒకచోట మేకు కొట్టినట్టు ఉండకూడదు. నాలుగో తీగ వాయిస్తుంటే ఆరూ ఐదూ మీద ఉండాలి. రెండో తీగకి దిగితే చెయ్యి కూడా దిగి నాలుగూ మూడూ కూడా కప్పాలి. ఆరో తీగే వాయిస్తుంటే దాని పైన ఇంకేమీ లేవు కనుక తప్పుకోవాలి. కోడి పిల్లల్ని రెక్క కింద పెట్టుకుని జరిగినట్టు, పిక్‌తో పాటు చెయ్యి జరుగుతూ ఉండాలి.

ఎంత బరువు? నిద్రపోతున్న పసిపిల్ల మీద చెయ్యి వేసినంత. అదిమితే మణికట్టు బిగుసుకుపోతుంది, వేగం రాదు. కొన్ని ఎలక్ట్రిక్ గిటార్ల బ్రిడ్జి స్ప్రింగుల మీద తేలుతూ ఉంటుంది. దాన్ని నొక్కితే తీగలు బిగిసి శ్రుతి పైకి పోతుంది కూడా.

ఇంకో తిరకాసు ఉంది. ఒకే వేలి కొనతో తీగని తాకితే ఒక్కోసారి ఆగడానికి బదులు గంట కొట్టినట్టు సన్నగా మోగుతుంది. తీగ పొడవులో సగం, మూడో వంతు, నాలుగో వంతు చోట్ల, అంటే పన్నెండు, ఏడు, ఐదు ఫ్రెట్ల ఎదురుగా ఇలా జరుగుతుంది. అందుకే ఎడమచేత్తో ఆపేటప్పుడు రెండు వేళ్లు ఆనించడం మేలు. కుడి అరచేతి అంచు వెడల్పుగా ఉంటుంది కనుక దానికి ఈ బెడద తక్కువ.

పిక్ లేకుండా వేళ్లతో వాయించేవాళ్ల సంగతి? బొటనవేలు లావు తీగ మీద విశ్రాంతి తీసుకుంటే అది ఆగిపోతుంది. బేస్ గిటారు వాయించేవాళ్లు ఈ పద్ధతిని బాగా వాడతారు. సన్న తీగలకి వెళ్లేకొద్దీ బొటనవేలు కూడా ఒక్కో తీగా దిగుతూ వెనకున్నవాటిని ఆపుతూ వస్తుంది. ఇక ఒళ్లో పడుకోబెట్టి ఉక్కు కడ్డీ జార్చి వాయించే హవాయిన్ గిటారుకైతే ఇది తప్పనిసరి. ఆ కడ్డీ ఒకేసారి చాలా తీగల మీద ఉంటుంది మరి. ఒకప్పుడు సినిమా పాటల్ని ఆ గిటారు మీద వాయించిన వాన్ షిప్లే రికార్డులు దొరికితే విని చూడండి. పాట ఒక్క గొంతుతో పాడినట్టుంటుంది.

ఆపడం కోసం పడ్డ పాట్లు

ఈ మోగకూడని తీగ బాధ గిటార్లు తయారుచేసేవాళ్లకీ తెలుసు. అమెరికాలో లియో ఫెండర్ 1951లో తెచ్చిన ప్రెసిషన్ బేస్‌కి బ్రిడ్జి మీద మూత ఉండేది. తీగల నాదం మరీ సాగకుండా దాని కింద మెత్తని స్పాంజి పెట్టేవారు. 1962లో వచ్చిన జాగ్వార్ గిటారుకైతే తీగల కిందనుంచి పైకి లేచి వాటిని ఆపే ఏర్పాటే అమర్చారు. అయితే అలాంటివి అన్ని తీగల్నీ ఒకేలా ఆపుతాయి. ఏ క్షణాన ఏ తీగ మోగాలో వాటికి తెలియదు. అది తెలిసింది చెయ్యికే.

ఆ చెయ్యి చేసిన గొప్ప పనులూ ఉన్నాయి. జానీ క్యాష్ 1956 నాటి 'ఐ వాక్ ద లైన్' పాట వినండి. అందులో డ్రమ్ములు లేవు. క్యాష్ తన గిటారు తీగల మధ్య కాగితం దూర్చి డ్రమ్ము లాంటి చప్పుడు తెప్పించాడు. పక్కనే లూథర్ పెర్కిన్స్ లావు తీగల మీద అరచెయ్యి ఆనించి, నాదాన్ని పొట్టిగా కత్తిరిస్తూ మీటాడు. రైలు పట్టాల మీద పోతున్నట్టుండే ఆ నడకే తర్వాత క్యాష్ పాటలకి గుర్తయింది. ఇక్కడ ఒక తేడా గమనించాలి. మీటుతున్న తీగ మీదే చెయ్యి ఆనించి ధ్వనిని మొద్దుబారేలా చెయ్యడం ఇది. పామ్ మ్యూట్ అంటారు. మనం చెప్పుకుంటున్నది మీటని తీగల్ని ఆపడం. చెయ్యి ఒకటే, చోటూ ఒకటే, పని వేరు.

1930ల చివర్లో చెట్ అట్కిన్స్ అనే కుర్రాడు రేడియోలో మెర్ల్ ట్రావిస్ గిటారు విన్నాడు. కింద లావు తీగల మీద తాళం, పైన సన్న తీగల మీద పాట, రెండూ ఒకేసారి వినపడుతున్నాయి. ట్రావిస్ వాయించేది బొటనవేలు, చూపుడువేలుతోనే. కానీ చూసే వీల్లేక అట్కిన్స్ ఇంకా ఎక్కువ వేళ్లు వాడుతున్నాడనుకుని, తను అలాగే సాధన చేసి సొంత బాణీ తెచ్చుకున్నాడు. ఆ బాణీలో లావు తీగల మీద అరచేతి అంచు ఆని ఉంటుంది. అది లేకపోతే కింద మోగే తాళం పైనున్న పాటని మింగేస్తుంది.

ఇదంతా చదివి అన్నిటినీ ఆపెయ్యకండి. మెల్లగా సాగే పాటలో తీగలు ఒకదానిలోకి ఒకటి కరిగిపోతేనే అందం. అక్కడ చెయ్యి తీసెయ్యాలి. ఎప్పుడు వదలాలో కూడా ఆ చెయ్యే నేర్చుకోవాలి.

అక్కయ్య చెవులు

మా వాడికి నేనిచ్చిన సాధన ఇదీ. రోజుకి పదిహేను నిమిషాలు, యాంప్లిఫయరు లేకుండా.

మొదటిది: అరచేతి అంచుతో ఐదు తీగలు కప్పి, ఒకటో తీగ వదిలెయ్యాలి. పిక్‌తో పైనుంచి కిందికి ఆరూ గియ్యాలి. టక్ టక్ టక్ టక్ టక్ టింగ్! ఒక్కటే మోగాలి. తర్వాత చెయ్యి కొంచెం పైకి జరిపి రెండు తీగలు, ఆపైన మూడు వదలాలి.

రెండోది: ఆరో తీగ నుంచి ఒకటో తీగ దాకా స్వరాలు మెల్లగా ఎక్కాలి. తీగ మారిన ప్రతిసారీ ఆగి, రెండు లెక్కపెట్టి వినాలి. వెనక తీగ మోగుతుంటే మళ్లీ మొదటికి రావాలి. తర్వాత దిగాలి. ఎక్కడం కుడిచేతికి పరీక్ష, దిగడం ఎడమచేతికి పరీక్ష.

మూడోది: పాటలో ఒక్క ముక్క వాయించి టక్కున ఆపాలి. ఎదురుగా ఒకరు కళ్లు మూసుకుని కూర్చుని, ఇంకా ఏమైనా మోగుతోందా అని చెప్పాలి. వాయించేవాడి చెవి తన పాట మీదే ఉంటుంది. పక్కవాళ్లే నయం.

"ఎవరు వింటారు? నాన్నగారు చస్తే వినరు" అన్నాడు.

"నేను వింటాలేరా" అంది అక్కయ్య.

అప్పుడు గుర్తొచ్చింది నాకు. పెళ్లికి ముందు అక్కయ్య ఆరేళ్లు వీణ నేర్చుకుంది. అత్తారింటికి వెళ్లాక మళ్లీ ముట్టుకోలేదు. కొడుకుతో అంది కదా, "వీణ మీద కూడా అంతేరా. మీటబోయే వేలు తీగకి ఆనగానే పాత నాదం ఆగుతుంది. అప్పుడు కొత్తది పుడుతుంది. మా టీచరు రోజూ తిట్టేవారు, 'ముందుదాన్ని పంపించకుండా వెనకదాన్ని పిలుస్తావేంటమ్మా' అని."

వాడు వాళ్లమ్మ వైపు కొత్తగా చూశాడు. నెలల తరబడి ఆవిడ ఆ గోల వింటూనే ఉంది. అందులో ఏం తప్పో ఆవిడకి తెలిసి ఉండొచ్చని ఆ ఇంట్లో ఎవరికీ తట్టలేదు. నాకూ తట్టలేదు.

నాలుగు వారాల తర్వాత మళ్లీ ఫోను. చీటీ డబ్బులు భద్రంగా ఉన్నాయి. యాన్యువల్ డేలో పాట నడుమ ఒకచోట తడబడ్డాడట గానీ, గోల మాత్రం లేదట. రోజూ రాత్రి అన్నాలయ్యాక తల్లీకొడుకులిద్దరూ కూర్చుంటున్నారట. అక్కయ్య కళ్లు మూసుకుని "రెండోది మోగుతోంది" అంటే వాడు మళ్లీ మొదలుపెడతాడట. బావగారు టీవీ సౌండు తగ్గిస్తున్నారట.

"అన్నట్టు చెప్పడం మరిచిపోయాను. నిన్న పక్కింటావిడ అడిగింది, మీవాడు గిటారు మానేశాడా ఏమిటి, చప్పుడు వినపడ్డంలేదూ అని."

"నువ్వేమన్నావు?"

"మానెయ్యలేదండీ, ఇప్పుడే నేర్చుకుంటున్నాడు అన్నాను."